మెట్టసీమ మంచినీళ్లు



మొన్న సెలవులకు మా చెల్లెలి కూతురు ఇంటికి వచ్చింది. చేతిలో ఇంత పొడుగు ప్లాస్టిక్ సీసా. దాని మీద వరసగా గీతలు, గీతల పక్కన గంటలు అచ్చు వేసి ఉన్నాయి. తొమ్మిదింటికి ఇక్కడిదాకా తాగాలి, పదకొండింటికి ఇక్కడిదాకా, సాయంత్రం ఆరయ్యేసరికి సీసా ఖాళీ కావాలి. "పెద్దమ్మా, నువ్వు రోజుకు ఎన్ని గ్లాసులు తాగతావు?" అని అడిగింది. నాకు లెక్క తెలియలేదు. పొద్దున కాఫీ, పదకొండు గంటలకు ఇంకోసారి కాఫీ, అన్నంలో మజ్జిగ, తిన్నాక ఒక చెంబు నీళ్లు. మధ్యలో ఎప్పుడు తాగానో, అసలు తాగానో లేదో! మీలో ఎంతమంది చెప్పగలరు చెప్పండి?

ఆ పిల్ల అలా అడగగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మాది నెల్లూరు జిల్లాలో పడమటి మెట్ట. పుట్టిల్లు ఉదయగిరి తట్టు ఒక పల్లె, మెట్టినిల్లు ఆత్మకూరు. చెక్క గరిటెలకు పేరుబడ్డ ఉదయగిరే, మీ వంటింట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. మా అవ్వ ఎవరినీ ఎన్ని గ్లాసులు తాగావని అడిగిన మనిషి కాదు. ఎండనపడి ఎవరైనా వస్తే చెంబు అందిస్తూ, "మంచినీళ్లేలే, తాగు నాయనా" అనేది. కోస్తా నుంచి వచ్చిన చుట్టాలకు ఆ మాట వింతగా ఉండేది. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లు కాక చెడ్డనీళ్లు ఇస్తారా అని నవ్వేవాళ్లు. ఆ నవ్వులో అర్థం లేదని మెట్టలో పుట్టినవాళ్లకు తెలుసు.

మనం తాగే నీళ్లను మంచినీళ్లంటాం. ఎందుకంటామో ఎప్పుడైనా ఆలోచించారా? మంచివి కాని నీళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి కనక. ఉప్పునీళ్లు, చప్పనీళ్లు, చవుటినీళ్లు, వాడకం నీళ్లు అని మా ఊళ్లో వేరువేరుగా చెప్పుకునేవాళ్లు. ఊరికి మూడు బావులుంటే అందులో తాగడానికి పనికొచ్చేది ఒక్కటి, అదీ ఊరికి దూరంగా, కుంటకట్ట దిగువన. కొత్తకోడలు కాపురానికి రాగానే అత్తగారు ముందు చెప్పేది ఈ బావుల సంగతే. ఏ బావి నీళ్లలో కందిపప్పు మెత్తగా ఉడుకుతుందో అది మంచినీళ్ల బావి. ఎన్ని పుల్లలు ఎగదోసినా పప్పు పలుకుగానే ఉంటే అది వాడకం బావి. సబ్బు నురగ రాకపోయినా అంతే. ఈ పరీక్షలు ఏ బడిలోనూ నేర్పలేదు. పొయ్యి దగ్గర, చాకిరేవు దగ్గర ఆడవాళ్లే కనిపెట్టుకున్నారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ నీళ్ల చరిత్ర. చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలూ కదా అంటారు. రాజులూ వస్తారు, కాసేపు ఓపిక పట్టండి.

మా మెట్టకు పడమర గోడకట్టినట్టు వెలిగొండలు. పెన్న ఆ కొండలను సోమశిల దగ్గర చీల్చుకుని మా జిల్లాలోకి దిగుతుంది. ఆత్మకూరుకు ఆ నది ఆసరా ఉంది. ఉదయగిరికి అదీ లేదు. నది పల్లాన, ఊరు ఎత్తున. నీరు పల్లమెరుగునని సామెత ఊరికే రాలేదు. ఇక వానలంటారా, ఆశ్వయుజ కార్తీకాల్లో తుపానులతో వచ్చే వానలే మాకు పెద్ద వానలు. నాలుగు రోజులు కురిసి పోతాయి. ఆ నాలుగు రోజుల నీటిని పట్టి ఉంచుకోగలిగితే ఏడాది గడుస్తుంది, లేకపోతే లేదు. అందుకని ఈ సీమలో పెద్ద పని ఎప్పుడూ ఒకటే, చెరువు తవ్వడం.

ఉదయగిరి దుర్గం మీరు పేరు విని ఉంటారు. విజయనగర రాజ్యంలో అదొక పెద్ద ఏలుబడికి ముఖ్యపట్నం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరిలో ఉండి తూర్పు సీమను పాలించాడు. ఆయన 1369లో కొండలకు అవతల, కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు కట్టించాడు. దానికి అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. మా ఆత్మకూరు దగ్గర అనంతసాగరం అని ఊరూ పెద్ద చెరువూ ఉన్నాయి, అది వేరు, ఇది వేరు. నేనూ చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నాను.

ఆ పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. శాసనమంటే ఫలానా రాజు ఫలానా గుడికి ఇన్ని పుట్ల భూమి ఇచ్చాడని ఉంటుందనుకున్నాను. ఇది అలా లేదు. ముందు నీటిదానం ఎంత గొప్పదో చెప్పి, ఆ తర్వాత మంచి చెరువుకు ఏమేం కావాలో, మనం పిండివంటకు సరుకుల చిట్టా రాసుకున్నట్టు, పన్నెండు అంగాలు రాసి పెట్టారు. ధర్మబుద్ధీ డబ్బూ ఉన్న రాజు కావాలట. జలశాస్త్రం తెలిసిన పండితుడు కావాలట. గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తియ్యని నీళ్లు తెచ్చే నది, రెండు కొండల నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, దగ్గరలో పొడుగుపాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు. తియ్యని నీళ్లు అని ప్రత్యేకించి చెప్పడం చూశారా? ఆరువందల యాభై ఏళ్ల కిందట కూడా ఎన్ని నీళ్లన్నది ఒక్కటే కాదు, ఎలాంటి నీళ్లన్నదీ ప్రశ్నే.

అంతటితో ఊరుకోలేదు. చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒకటి. చవుటినేల ఒకటి. చెరువు మధ్య మిట్ట ఉండటం ఒకటి. నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం, రెండూ దోషాలే. ఇంకొకటి నాకు భలే నచ్చింది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదట! ఇద్దరు తోడికోడళ్ల వాకిళ్ల నడుమ ఒకే కుళాయి ఉన్న ఇంట్లో కాపురం చేసినవాళ్లకు ఈ దోషం ఎంత నిజమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ చెరువుకు రోజూ వెయ్యిమంది కూలీలు రెండేళ్లపాటు పనిచేశారనీ, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ కూడా అందులో ఉంది. ఆ వెయ్యిమందికి మధ్యాహ్నం ఎండలో దాహమైనప్పుడు కడవ ఎవరు మోసుకొచ్చారో? తవ్వేవాళ్లు మగవాళ్లయితే తట్టలెత్తేవాళ్లు ఎవరో మనకు తెలియంది కాదు.

తరవాత ఉదయగిరి కళింగ గజపతుల చేతికి పోయింది. కృష్ణదేవరాయలు దాన్ని మళ్లీ పట్టుకోవడానికి దండెత్తి ముట్టడి వేశాడు. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసినదాని ప్రకారం ఆ ముట్టడి ఏడాదిన్నర సాగింది. లోపలివాళ్లను పస్తులు పెట్టి లొంగదీసుకోవడం తప్ప వేరే దారి లేని కోట అట అది. చివరికి 1514లో రాయలు గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఇదంతా మా పిల్లలు పాఠాల్లో చదివిందే. నేను అడిగేది వేరే ప్రశ్న. ఏడాదిన్నర లోపల మనుషులు ఎలా నిలబడ్డారు? తిండి గాదెల్లో దాచుకోవచ్చు. నీళ్లు? ఆ కొండమీద వాననీరు నిలిచే గుంటలూ కోనేళ్లూ ఉండబట్టి నిలబడ్డారు. రెండు ఎండాకాలాలు ఊట లేని కొండమీద ఏ సైన్యం ఉంటుంది?

రాయలవారికి ఆ సంగతి తెలియకపోలేదు. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట, దేశం చిన్నదైనా కుంటలూ కాలవలూ తవ్వించి పేదరైతుకు పన్ను తేలిక చేస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయని రాశాడు. మా సీమలో ఎండాకాలం ఊరి మొదట్లో తాటాకు పందిరి వేసి, తడి ఇసక మీద కుండలు పెట్టి, నీళ్లలో వట్టివేళ్లు వేసి ఉంచడం నా చిన్నతనానికీ ఉంది. చలివేంద్రం పెట్టించిన ఆసామి పేరు పందిరికి కట్టేవాళ్లు. తెల్లవారుజామున ఆ కుండలు నింపే ముసలమ్మ పేరు ఎక్కడా ఉండేది కాదు.

అక్కడికే వస్తున్నాను. చెరువు తవ్వించినవాడి పేరు రాతిమీద ఉంది. ఆ చెరువు నుంచి నీళ్లు ఇంటికి ఎలా వచ్చాయన్నది రాయమీదా లేదు, ఆకుమీదా లేదు. అది ఆడవాళ్ల నెత్తిమీద చుట్టకుదురుకే తెలుసు.

మా అమ్మ రోజుకు ఆరు బిందెలు తెచ్చేది. ఎండాకాలం బావి అడుగంటితే వంకలో చెలమ తవ్వి, కొబ్బరిచిప్పతో కొద్దికొద్దిగా తోడి, గుడ్డ వాసెన కట్టి వడగట్టుకునేది. బిందె నిండడానికి అరగంట. బురదగా ఉంటే చిల్లగింజ అరగదీసి కుండలోపల పూసేది, కాసేపటికి మట్టి కిందికి దిగి పైన తేట నిలిచేది. ఇలా తెచ్చిన నీళ్లకు ఇంట్లో ఒక వరస ఉంది. పొలం నుంచి వచ్చిన మగవాళ్లు ముందు, తరవాత పిల్లలు, తరవాత దూడ, ఆ తరవాత వంట. మిగిలితే తను. మిగలకపోతే సాయంత్రం బిందె దాకా ఉండేది. "దప్పిక కాలేదమ్మే" అనేది. రోజంతా పొయ్యి ముందు కూచున్న మనిషికి దప్పిక కాదా!

ఇంకొక కారణం ఉంది. రేడియోలో చెప్పడానికి మొదట సంకోచించాను గాని, మనలో మనకు దాపరికం ఎందుకు? పగలు మరుగు ఎక్కడుంది? తెల్లవారకముందు వెళ్లాలి, లేదా పొద్దు గుంకాక వెళ్లాలి. అందుకని పగలు నీళ్లు తాగకుండా ఉండటం ఒక అలవాటుగా, ఒక మర్యాదగా నేర్పారు. మా పెద్దత్త నెల్లూరుకు బస్సులో బయల్దేరాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేసేది. ఇప్పుడు పల్లెల్లోనూ మరుగుదొడ్లు వచ్చాయి, పట్నంలో మనకు పడకగదికి ఆనుకునే ఉన్నాయి. అయినా ప్రయాణమంటే, పెళ్లంటే, గంటలకొద్దీ క్యూ అంటే మనం చేసేది మా పెద్దత్త చేసిందే కదా. ఇల్లు మారింది, అలవాటు మారలేదు.

ఇక బావుల సంగతి. మెట్టసీమల్లో దిగుడుబావులు ఎక్కువ. మెట్లు దిగి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవాలి. అలాంటి బావులతో నారికురుపు అనే పీడ అంటుకునేది. కాలిమీద బొబ్బ లేచి, అందులోంచి మూరల పొడుగు పురుగు వారాల తరబడి మెల్లగా బయటికి వచ్చేది. ఆ కాలుతో ఇంకొకరు బావిలో దిగితే ఊరందరికీ అదే. మన రాష్ట్రంలోనూ ఈ జబ్బు ఉండేది. 1980లలో దేశమంతటా దానిమీద పని మొదలుపెట్టారు. దిగుడుబావులు పూడ్చడమో మార్చడమో చేశారు, నీళ్లు గుడ్డతో వడగట్టుకోమని ఇంటింటికీ చెప్పారు, ఊరూరా చేతిపంపులు వేశారు. 1996లో ఆఖరి రోగి కనిపించాడు. 2000 సంవత్సరంలో భారతదేశంలో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా లేకుండా, మందు లేకుండా, మంచినీళ్లతోనే ఒక జబ్బును సాగనంపాం. ఇంత గొప్ప సంగతి మనవాళ్లకు గుర్తు లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మా ఊరికి చేతిపంపు వచ్చిన రోజు నాకు లీలగా గుర్తుంది. కొబ్బరికాయ కొట్టి, పంపుకు పసుపు కుంకుమ పెట్టారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. తాగితే చల్లగా, రుచిగా ఉన్నాయి. మా అమ్మ కళ్లకద్దుకుని తాగింది. చెలమ నీళ్లు తాగినవాళ్లకు అది అమృతం కాక మరేమిటి?

కాని భూమి లోపల ఇంకొకటి ఉంది. దాన్ని అంతకు చాలా ముందే కనిపెట్టారు, కనిపెట్టింది కూడా మా జిల్లాలోనే.

1937లో మద్రాసు దగ్గర గిండీలో ఉన్న కింగ్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు ఒక పరిశోధన ప్రకటించారు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనేవాళ్లు రాశారు. నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము బిగుసుకుపోయి, కీళ్లు కదలక, పళ్లమీద గార చారలు పడ్డ మనుషులను పరీక్షించి, దీనికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. మన దేశంలో ఈ జబ్బును గుర్తించడం అదే మొదలు. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే, 1970లో కొత్తగా ఏర్పడ్డ ప్రకాశం జిల్లాకు పోయాయి. కనిగిరికి ఉదయగిరి ఆనుకునే ఉంటుంది. జిల్లా గీత మారింది గాని కింది బండ మారలేదు. ఆ జబ్బును మొదట పసిగట్టింది దుక్కిటెద్దుల దగ్గర రైతులేనని చెబుతారు. ఎద్దులు కాళ్లు ఈడుస్తుంటే ఏమిటా అని చూశారట. మనుషులు నడుము పట్టుకుంటే మాత్రం వయసనుకున్నారు, ఆడవాళ్లు పట్టుకుంటే కాన్పుల వల్ల అనుకున్నారు.

ఫ్లోరైడ్ ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు. కొన్ని రకాల రాళ్లలోనే అది ఉంటుంది. నీరు ఆ రాతిపొరల్లో ఎంతకాలం నిలిస్తే అంత కరిగి చేరుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, కింద గట్టి బండ ఉన్నచోట బోరు లోతుకు పోయేకొద్దీ ఈ భయం ఎక్కువ. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర వరకు. అది దాటితే చిన్నపిల్లలకు లోపల తయారవుతున్న పళ్లకే మచ్చ పడుతుంది. ఇంకా ఎక్కువైతే, ఏళ్ల తరబడి తాగితే, ఎముకలకు పడుతుంది.

అసలు కష్టం ఏమిటంటే, ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. మా అవ్వ నాలుకకు దొరకదు. కందిపప్పు పరీక్షకు దొరకదు. చిల్లగింజ దాన్ని దించదు. పోరుమామిళ్ల పండితుడు చవుటినేలను దోషమని చెప్పగలిగాడు గాని, దీన్ని చెప్పే దారి ఆయనకు లేదు. వెయ్యేళ్లుగా ఆడవాళ్లు కూడబెట్టుకున్న తెలివి ఈ ఒక్కచోట ఓడిపోయింది. అద్దంలాంటి నీళ్లను మంచినీళ్లనుకుని కళ్లకద్దుకున్నాం.

మా పిన్ని కూతురికి పెళ్లిచూపులు జరిగిన రోజు చెబుతాను. బంగారంలాంటి పిల్ల. పళ్లమీద మాత్రం గోధుమరంగు అడ్డచారలు. బొగ్గుతో తోమింది, ఉప్పుతో తోమింది, పేస్టులు మార్చింది, పోలేదు. పోవు, అవి పైన పట్టిన గార కాదు. ఆ రోజు పెద్దవాళ్లు దానికి చెప్పిన మాట, "నవ్వొద్దమ్మే, తల వంచుకునే కూచో." వచ్చినవాళ్లు పిల్ల ముభావి అనుకుని వెళ్లిపోయారు. ఆ తరవాత వేరే సంబంధం కుదిరి, ఇప్పుడు సుఖంగానే ఉంది. ఫోటో తీయబోతే మాత్రం ఈనాటికీ చెయ్యి నోటికి అడ్డం పోతుంది. ఆ ఊళ్లో దాని ఈడు పిల్లలందరివీ అవే పళ్లు. అందరూ శుభ్రం తెలియనివాళ్లా?

ఇక్కడ మీకు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నీళ్లు కాచి తాగుతున్నాం, మాకేం భయం లేదంటారు చాలామంది. కాచితే కలరా, టైఫాయిడ్ క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో అది చిక్కబడుతుంది. ఆత్మకూరులో మా పక్కింటావిడ సగానికి మరిగించి పిల్లలకు ఇచ్చేది, మంచే చేస్తున్నాననుకుని. దాన్ని తీయడానికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు 1970లలో పటికా సున్నమూ కలిపి తేర్చే పద్ధతి కనిపెట్టారు. దానికి మన నల్గొండ పేరే పెట్టారు. ఇప్పుడు పల్లెల్లో పెద్ద యంత్రాలు పెట్టి వడగట్టిన నీళ్లు క్యాన్లలో అమ్ముతున్నారు, ఆ పద్ధతిలోనూ ఫ్లోరైడ్ తగ్గుతుంది. వాననీళ్లలో అది దాదాపు ఉండదు. ఇంకొక మాట వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులపాటు పెట్టి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రకటించారు. అంతమాత్రాన చారు తాగి బోరునీళ్లు తాగవచ్చనుకోకండి. ముందు నీళ్లు మార్చుకోవాలి. కాని మన చారు పనికిమాలినది కాదని తెలిస్తే వండినవాళ్లకు సంతోషమే కదా.

మరి ఎన్ని నీళ్లు తాగాలి? మా పిల్ల సీసా ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. ఎనిమిది గ్లాసుల లెక్క 1945లో అమెరికావాళ్లు వేసిన అంచనా నుంచి వచ్చిందంటారు. మనిషికి రోజుకు రెండున్నర లీటర్లు కావాలని చెప్పి, ఆ వెంటనే అందులో చాలా భాగం తిండిలోనే దొరుకుతుందని కూడా రాశారు. ఆ రెండో వాక్యం జనం మరిచిపోయారు. మన అన్నం, చారు, మజ్జిగ, అంబలి, తాటిముంజలు, దోసకాయ, ఇవన్నీ నీళ్లే. ఎండలో పనిచేసేవాళ్లకూ పాలిచ్చే తల్లులకూ ఇంకా ఎక్కువ కావాలి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. మిగతావాళ్లకు కొలగిన్నె అక్కర్లేదు, మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే చాలినంత తాగుతున్నట్టే. ముసలివాళ్ల సంగతి మాత్రం వేరు. వయసైతే ఒంటికి నీళ్లు కావలసి ఉన్నా దాహం తెలియదు. 2015 మే నెల వడగాలులకు మన ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే దాహమేస్తోందా అని అడక్కండి. గ్లాసు చేతికివ్వండి.

నా సంగతీ చెప్పాలి. ముప్పై ఆరో ఏట నాకు చలిజ్వరం, నడుమునొప్పి, మూత్రంలో మంట. తగ్గడం, మళ్లీ రావడం. ఏడాదిలో నాలుగుసార్లు మందులు మింగాను. చివరికి ఒక డాక్టరమ్మ మందుచీటీ పక్కనపెట్టి, "పొద్దుటినుంచి ఎన్ని నీళ్లు తాగారు?" అని అడిగింది. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. నేను ఒక కాఫీ తాగి ఉన్నాను. ఇంట్లో కుళాయి ఉంది, ఫిల్టరు ఉంది, మరుగుదొడ్డి ఉంది. అయినా మా అమ్మ వరసలోనే చివర నిలబడి ఉన్నాను! 2018లో ఒక పరిశోధన వచ్చింది. ఇలా తరచు మూత్రంలో మంట వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకుని, సగం మందిని రోజూ మామూలుకన్నా లీటరున్నర నీళ్లు ఎక్కువ తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి మిగతావాళ్లకు సగటున మూడుసార్లకు పైగా జబ్బు వస్తే, వీళ్లకు రెండుసార్లయినా రాలేదు. నాకు ఆ లెక్క తెలియకముందే డాక్టరమ్మ మాట విన్నాను. పొయ్యి గట్టుమీద నాకంటూ ఒక చెంబు పెట్టుకున్నాను. పిల్లలు అందులోంచి తాగబోతే, అది నాది అని చెప్పడం నేర్చుకోవడానికి మాత్రం కొన్ని నెలలు పట్టింది.

మీరు అడగవచ్చు, సోమశిల కట్టారు కదా, మీకింకా నీళ్ల బాధ ఏమిటని. నిజమే, పెన్నమీద 78 టీఎంసీల జలాశయం మా ఆత్మకూరు పక్కనే ఉంది. నదినీళ్లు కుళాయికి వచ్చిన ఊళ్లు అదృష్టవంతులు. కాని ఊరికి కుళాయి వచ్చినా, అది రాని రోజు మనుషులు వెనకటి బోరుకే పోతారు. ఇంటిమీదికి మోటారు ఎక్కించే నీళ్లూ బోరువే. పట్నంలో అపార్టుమెంట్లలో ఉన్న చెల్లెళ్లూ, మీ కుళాయిలో వచ్చేది నదినీరో, కింద వేసిన బోరునీరో మీకు తెలుసా? మా పక్క పోర్షను ఆవిడను అడిగితే, "ట్యాంకు నీళ్లండీ" అంది. ట్యాంకులో నీళ్లు పుట్టవు కదా!

సెలవులు అయ్యేలోపల ఆ పిల్లను మా పల్లెకు తీసుకుపోయాను. అవ్వ తోడిన మంచినీళ్ల బావి పూడిపోయి తుమ్మ మొలిచింది. చేతిపంపు ఇంకా ఉంది. కొడితే నీళ్లు వచ్చాయి, ఆనాటిలాగే తేటగా. పిల్ల తన గంటల సీసా కింద పట్టబోయి ఆగింది. "పెద్దమ్మా, ఇవి మంచినీళ్లేనా?" అంది.

సీసాలో మిగిలిన నీళ్లు చెట్టుకు పోసి, ఆ పంపునీళ్లతోనే రెండుసార్లు తొలిచి, నిండా పట్టి బిగించాం. ఫ్లోరైడ్ పరీక్షకు గాజుసీసాకన్నా ప్లాస్టిక్ సీసాయే మేలట. దానిమీద కాగితం అతికించి ఊరి పేరూ తేదీ రాసి, గ్రామీణ నీటి సరఫరావాళ్ల పరీక్షశాలలో ఇవ్వడానికి సంచిలో పెట్టుకున్నాను. లెక్క వచ్చేదాకా ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడొద్దని మా తమ్ముడి భార్యకు చెప్పాను. "అట్నేలే వదినా, అంట్లకు వాడుకుంటాం" అని, లోపలికి పోయి కూజాలోంచి ఇద్దరికీ రెండు గ్లాసులు తెచ్చింది. మూడో గ్లాసు తెప్పించి ఆమెనూ మాతోపాటు కూచోబెట్టుకుని తాగి వచ్చాం.